హోల్డ్‌లో పెట్టిన ప్యాకేజీ: ఆగేదేమిటి, ఆగనిదేమిటి

రాత్రి దాకా బాగానే నడిచిన జీపీయూ సర్వర్ పొద్దున్నే మొరాయిస్తుంది. జీపీయూల స్థితి చూపే ఎన్‌విడియా-ఎస్ఎంఐ కమాండ్ కొడితే ఎప్పుడూ వచ్చే పట్టిక రాదు, ఒకే ఒక్క వాక్యం వస్తుంది: ఎన్‌వీఎంఎల్ (జీపీయూను పర్యవేక్షించే లైబ్రరీ) మొదలు కాలేదు, డ్రైవర్/లైబ్రరీ వెర్షన్ మిస్‌మ్యాచ్. "ఎవరు ముట్టుకున్నారు?" అని టీమ్ గ్రూపులో అడిగితే ఎవరూ లేదంటారు. వాళ్లు చెప్పేది నిజమే. ఉబుంటులో రోజూ పొద్దున 6 నుంచి 7 మధ్య ఏదో ఒక నిమిషంలో అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ అనే ఆటోమేటిక్ అప్‌డేట్ ప్రోగ్రామ్ దానంతటది లేస్తుంది, సెక్యూరిటీ కింద వచ్చిన ప్యాకేజీలను డౌన్‌లోడ్ చేసి ఎక్కిస్తుంది. అందులో ఎన్‌విడియా డ్రైవర్ ఉందంటే డిస్కు మీది లైబ్రరీలు కొత్తవైపోతాయి. మెమరీలో నడుస్తున్న కెర్నెల్ మాడ్యూల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్‌లో కూర్చునే డ్రైవర్ ముక్క) మాత్రం నిన్నటిదే. రెండు నంబర్లూ కలవవు కాబట్టి లైబ్రరీ ముందుకు కదలనంటుంది. రీబూట్ చేస్తే సర్దుకుంటుంది, కానీ ఆ సర్వర్ మీద పది మంది పనులు నడుస్తున్నప్పుడు రీబూట్ అనేది నోటితో చెప్పినంత తేలిక కాదు.

ఈ దెబ్బ ఒకసారి తగిలినవాళ్లు ఆ తర్వాత వెతికేది ఒక్కటే: మిగతావన్నీ అప్‌డేట్ అవుతూ ఈ ఒక్క ప్యాకేజీ మాత్రం కదలకుండా ఉండాలంటే ఎలా? కమాండ్ ఒక్క నిమిషంలో దొరుకుతుంది. దాన్ని కొట్టాక నిజంగా ఏది ఆగింది, ఆగిందనుకున్నవాటిలో ఏది ఆగలేదు అన్న దగ్గరే అసలు చిక్కు. సర్వర్లలో ఎక్కువగా కనిపించే డెబియన్, ఉబుంటు లైనక్స్ కుటుంబాన్ని పట్టుకుని చూస్తే ఈ చిక్కు బాగా అర్థమవుతుంది. ఆ కుటుంబంలో ప్యాకేజీలను రిపాజిటరీ అనే ఆన్‌లైన్ గిడ్డంగి నుంచి తెచ్చేది ఆప్ట్, వాటిని ఎక్కించి లెక్క రాసుకునేది దాని కింద పనిచేసే డీపీకేజీ.

హోల్డ్ ఎవరిని ఆపుతుంది

సుడో ఆప్ట్-మార్క్ హోల్డ్, దాని పక్కన ప్యాకేజీ పేరు. అంతే. విప్పాలంటే అన్‌హోల్డ్, ఏవేవి ఆగి ఉన్నాయో చూడాలంటే షోహోల్డ్. లోపల జరిగేది కూడా పెద్ద తంతేమీ కాదు. ప్రతి ప్యాకేజీ విషయంలో యూజర్ ఏం కోరుకుంటున్నాడో డీపీకేజీ తన దగ్గర రాసి పెట్టుకుంటుంది: ఉండాలి, తీసేయాలి, సెట్టింగులతో సహా తుడిచేయాలి, లేదా ఎలా ఉన్నది అలాగే ఉండాలి. ఈ చివరిదే హోల్డ్. డీపీకేజీ జాబితా తెరిస్తే మామూలు ప్యాకేజీ ముందు "ఐఐ" అని ఉంటుంది, ఆపినదాని ముందు "హెచ్ఐ" అని ఉంటుంది. మొదటి అక్షరం కోరిక, రెండోది ప్రస్తుతం ఉన్న స్థితి.

ఈ గుర్తు ఉన్నంతకాలం ఆప్ట్ అప్‌గ్రేడ్ దాన్ని దాటేస్తుంది, ఫుల్-అప్‌గ్రేడ్ దాటేస్తుంది, పొద్దున్నే లేచే అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ కూడా దాటేస్తుంది. ఇక అక్కర్లేని ప్యాకేజీలను ఊడ్చేసే ఆటోరిమూవ్ కూడా దాన్ని తీసేయదు. ఆపిన ప్యాకేజీని స్క్రిప్టులో మైనస్ వై (అన్నింటికీ ముందే ఎస్ అనడం) పెట్టి ఇన్‌స్టాల్ చేయబోతే, హోల్డ్‌లో ఉన్నదాన్ని మార్చడానికి విడిగా అనుమతి ఇవ్వమంటూ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మనిషి కూర్చుని చేస్తుంటే మాత్రం, ఇది హోల్డ్‌లో ఉంది, మార్చమంటారా అని అడుగుతుంది. ఎస్ అంటే మార్చేస్తుంది. డెబ్ ఫైల్ (ప్యాకేజీ ఉండే ఫైల్) తెచ్చి నేరుగా డీపీకేజీతో ఎక్కిస్తే ఆ మాత్రం కూడా అడ్డు ఉండదు. అంటే హోల్డ్ ఆపేది ఆటోమేషన్‌నూ, ఆదమరుపుగా కొట్టే అప్‌గ్రేడ్‌నూ. రూట్ పాస్‌వర్డ్ ఉండి పట్టుబట్టినవాణ్ణి ఆపడానికి దాన్ని తయారుచేయలేదు.

ఇక్కడే ఇంకో గందరగోళం ఉంది. అప్‌గ్రేడ్ కొట్టినప్పుడు కొన్ని ప్యాకేజీలను "కెప్ట్ బ్యాక్" అని చూపిస్తుంది. అది చూసి ఎవరో హోల్డ్ పెట్టారనుకునేవాళ్లు చాలామంది. చాలాసార్లు అది హోల్డ్ కాదు. కొత్త వెర్షన్‌కు అదనంగా ఇంకో ప్యాకేజీ అవసరం పడినా, ఉన్నదొకటి తీసేయాల్సి వచ్చినా ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్ వెనక్కి తగ్గి ఇదే మాట అంటుంది. ఉబుంటు 21.04 నుంచి మరో కారణం కూడా కలిసింది. అప్‌డేట్‌ను అందరికీ ఒకేసారి ఇవ్వకుండా ముందు కొంత శాతం మెషీన్లకు, తేడా ఏమీ రాకపోతే ఇంకొంత శాతానికి, అలా విడతల వారీగా వదులుతారు. తన వంతు రాని మెషీన్‌లో ఆ ప్యాకేజీ వెనక ఉండిపోతుంది. రెండు మూడు రోజులు ఊరుకుంటే అదే వస్తుంది. ఊరుకోలేక ప్యాకేజీ పేరు పెట్టి ఇన్‌స్టాల్ కొడితే రెండు నష్టాలు: విడతల వారీగా ఇవ్వడంలో ఉన్న రక్షణ పోతుంది, పైగా డిపెండెన్సీగా (ఇంకో ప్యాకేజీకి అవసరమై) వచ్చిన ప్యాకేజీ కాస్తా "యూజర్ కోరి పెట్టినది" అని నమోదై తర్వాత ఆటోరిమూవ్‌కు అందకుండా పోతుంది. ఎవరు ఆపారో తేల్చుకోవాలంటే షోహోల్డ్ ఒక్కటే ప్రమాణం.

ఆపిన పేరు వేరు, వచ్చే పేరు వేరు

హోల్డ్ పనిచేసేది ప్యాకేజీ పేరు మీద. కెర్నెల్ విషయంలో ఇది తెలియక బోల్తా పడేవాళ్లకు లెక్క లేదు.

ఉబుంటు 22.04లో 5.15.0-91 కెర్నెల్ నడుస్తోంది, దాని మీద డ్రైవర్లు సరిగా కుదిరాయి, ఇక ఇది మారకూడదు అనుకున్నారనుకోండి. యూనేమ్ కొట్టి, వచ్చిన నంబరు చూసి, లైనక్స్-ఇమేజ్-5.15.0-91-జెనరిక్ అనే ప్యాకేజీని హోల్డ్‌లో పెడతారు. వారం తిరిగేసరికి మెషీన్ 5.15.0-92తో బూట్ అవుతుంది. హోల్డ్ చెడిపోలేదు, చెప్పిన పని చెప్పినట్టే చేసింది. 91 అనే ప్యాకేజీకి కొత్త వెర్షన్ రావడం కాదు జరిగింది. కెర్నెల్ అప్‌డేట్ అంటే 92 అనే వేరే పేరుతో కొత్త ప్యాకేజీ పక్కన వచ్చి కూర్చోవడం. దాన్ని తీసుకొచ్చేది లైనక్స్-ఇమేజ్-జెనరిక్ అనే మెటాప్యాకేజీ. అందులో కెర్నెల్ ఏమీ ఉండదు, "ఇప్పుడు తాజా కెర్నెల్ ఫలానా" అనే డిపెండెన్సీ ఒక్కటే ఉంటుంది. ఆపాల్సింది దాన్ని, దానితోపాటు లైనక్స్-హెడర్స్-జెనరిక్‌ను, రెండింటినీ కలిపి లాగే లైనక్స్-జెనరిక్‌ను.

నంబరు ఉన్న ప్యాకేజీని ఆపడం మాత్రం పూర్తిగా వృథా అనలేం. పాత కెర్నెళ్లను ఊడ్చేటప్పుడు ఆటోరిమూవ్ దాని జోలికి పోదు. కొత్తది మొండికేస్తే బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో వెనక్కి వెళ్లడానికి పాతది ఒకటి మిగిలి ఉంటుంది. రెండు హోల్డ్‌లు రెండు వేర్వేరు పనులు చేస్తాయి. కొత్తది రాకుండా ఆపడం ఒకటి, పాతది పోకుండా కాపాడటం ఇంకొకటి. మొదటిది కావాలనుకుని రెండోది చేయడం వల్లే ఇంత తలనొప్పి.

మొదట చెప్పిన జీపీయూ సర్వర్‌కు ఇది నేరుగా వర్తిస్తుంది. డ్రైవర్‌ను మాత్రం ఆపి కెర్నెల్‌ను వదిలేస్తే, కొత్త కెర్నెల్ వచ్చిన రోజు డీకేఎంఎస్ అనే పనిముట్టు పాత డ్రైవర్ కోడ్‌ను దానికి తగ్గట్టు మళ్లీ కంపైల్ చేయబోతుంది. కెర్నెల్ లోపలి ఫంక్షన్లు మారి ఉంటే అది కంపైల్ అవదు. రీబూట్ చేశాక జీపీయూ కనపడదు, డెస్క్‌టాప్ అయితే నల్ల తెర. కాబట్టి ఆపితే రెండూ ఆపాలి, వదిలితే రెండూ ఒకేసారి వదలాలి. మెయింటెనెన్స్ రోజు పెట్టుకుని, పనులన్నీ దించి, రెండింటినీ కలిపి ఎక్కించి రీబూట్ చేయడం తప్ప ఇందులో దగ్గరి దారి లేదు.

ఫైర్‌ఫాక్స్ కథ ఇంకో రకం. ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గా (ఆప్ట్‌కు వేరుగా ఉబుంటు తెచ్చిన ప్యాకేజీ పద్ధతి) వస్తోంది. ఆప్ట్‌లో ఆ పేరుతో ఉన్నది స్నాప్‌ను తెచ్చిపెట్టే ఉత్త డబ్బా మాత్రమే. స్నాప్ వద్దనుకున్నవాళ్లు మొజిల్లా వైపు నుంచి వచ్చే డెబ్ ప్యాకేజీ పెట్టుకుంటారు, కొన్నాళ్లకు మళ్లీ స్నాప్ ప్రత్యక్షమవుతుంది. ఎందుకంటే ఆ డబ్బా ప్యాకేజీ వెర్షన్ "1:1స్నాప్1" అని మొదలవుతుంది. కోలన్ ముందున్న 1ని ఎపాక్ అంటారు. ఎపాక్ లేని వెర్షన్‌కు అది సున్నాతో సమానం. పోలికలో ముందుగా చూసేది ఎపాక్‌నే కాబట్టి, ఫైర్‌ఫాక్స్ అసలు వెర్షన్ 115 అయినా 150 అయినా ఆ డబ్బా ముందు చిన్నదే అవుతుంది. ఆప్ట్ దృష్టిలో అది న్యాయమైన అప్‌గ్రేడ్. ఇక్కడ హోల్డ్ పెడితే స్నాప్ రాకుండా ఆగుతుంది గానీ, మొజిల్లా ఇచ్చే సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా ఆగిపోతాయి. బ్రౌజర్‌ను పాత వెర్షన్‌లో నిలబెట్టడం అంటే చాలా పెద్ద ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకోవడమే.

దీనికి కావాల్సింది పిన్నింగ్. ఆప్ట్ ఫోల్డర్‌లోని ప్రిఫరెన్సెస్.డి కింద చిన్న ఫైల్ పెట్టి, ఈ ప్యాకేజీ ఈ రిపాజిటరీ నుంచి వస్తే ఇంత ప్రాధాన్యం, ఆ రిపాజిటరీ నుంచి వస్తే అంత అని నంబరుతో చెప్పవచ్చు. మామూలుగా రిపాజిటరీలో ఉన్న వెర్షన్‌కు 500, మెషీన్‌లో ఇప్పటికే ఉన్న వెర్షన్‌కు 100. వెయ్యి గానీ ఆ పైన గానీ ఇస్తే వెనక్కి దించడానికైనా ఆప్ట్ సిద్ధపడుతుంది. మైనస్ నంబరు ఇస్తే ఆ ప్యాకేజీ అసలు లోపలికే రాదు. మొజిల్లా తన రిపాజిటరీ పెట్టుకునేవాళ్లకు 1000 ప్రాధాన్యం ఇవ్వమని చెబుతుంది. 2020లో వచ్చిన లైనక్స్ మింట్ 20 అయితే స్నాప్‌లను నడిపే స్నాప్‌డీకి మైనస్ 10 రాసిన ఫైల్‌ను తనతోనే తెచ్చింది. ఆప్ట్ దొడ్డిదారిన స్నాప్ రావడం మింట్ వాళ్లకు అంత నచ్చలేదన్నమాట.

పిన్‌లో ఇంకో సౌకర్యం ఉంది. వెర్షన్ దగ్గర 1.29 తర్వాత చుక్క, నక్షత్రం గుర్తు పెడితే ఆ వరుసలో వచ్చే చిన్న ప్యాచ్‌లు వస్తూనే ఉంటాయి, 1.30 మాత్రం రాదు. హోల్డ్‌కు ఇంత విచక్షణ లేదు. దానికి ప్యాచ్ అయినా పెద్ద మార్పయినా ఒకటే, అన్నింటికీ తలుపు మూసేస్తుంది. అసలు ఆపాలనుకున్నది పెద్ద వెర్షన్ మార్పే అయితే, అలవాటు కొద్దీ హోల్డ్ వాడటం కన్నా ఐదు నిమిషాలు కూర్చుని పిన్ రాయడం ఎంతో నయం. రాశాక ఆప్ట్-క్యాష్ పాలసీ కొట్టి, క్యాండిడేట్ వరుసలో అనుకున్న వెర్షనే ఉందో లేదో చూసుకోవాలి. ఒక్క అక్షరం తేడా పడినా పిన్ నిశ్శబ్దంగా ఊరుకుంటుంది తప్ప తప్పని చెప్పదు.

ఆపమని తయారీదారే చెప్పినప్పుడు

ఎన్నో మెషీన్లను ఒక క్లస్టర్‌గా కలిపి కంటైనర్లు నడిపే కుబర్నెటీస్‌ను ఇన్‌స్టాల్ చేసే అధికారిక పద్ధతిలోనే హోల్డ్ ఒక మెట్టు. క్యూబ్‌లెట్, క్యూబ్‌ఎడిఎం, క్యూబ్‌సీటీఎల్ ఎక్కించిన వెంటనే మూడింటినీ హోల్డ్‌లో పెట్టమంటారు. దీనికి కారణం భయం కాదు, వెర్షన్ల నియమం. నోడ్ (క్లస్టర్‌లోని ఒక్కో మెషీన్) మీద నడిచే క్యూబ్‌లెట్, ఏపీఐ సర్వర్ కన్నా కొత్తది కాకూడదు. క్లస్టర్‌ను అప్‌గ్రేడ్ చేసేటప్పుడు ముందు కంట్రోల్ ప్లేన్ (ఏపీఐ సర్వర్ ఉండే, క్లస్టర్‌ను నడిపించే భాగం), తర్వాతే నోడ్‌లు. అదీ ఒక్కో మైనర్ వెర్షన్ (1.29 నుంచి 1.30 లాంటిది) చొప్పున, మధ్యలో ఒకటి ఎగరేయకుండా. ఈ వరుస ఆప్ట్‌కు ఏం తెలుసు? దానికి ప్రతి మెషీన్ విడిగా ఒక ప్రపంచం. అందుకే వరుస తెలిసిన మనిషి చేతిలో తాళం ఉంచారు: అన్‌హోల్డ్, కావాల్సిన వెర్షన్ పేరు పెట్టి ఇన్‌స్టాల్, వెంటనే మళ్లీ హోల్డ్. అధికారిక సూచనల్లో ఈ మూడూ ఒకే వరుసలో ఉంటాయి.

2023లో వాళ్లు ఇంకో అడుగు వేశారు. పాత రిపాజిటరీని ఆపేసి, ఒక్కో మైనర్ వెర్షన్‌కు ఒక్కో రిపాజిటరీ తెచ్చారు. 1.29 రిపాజిటరీని పెట్టుకున్న మెషీన్‌కు 1.30 అనేదొకటి ఉందనే తెలియదు. పొరపాటున హోల్డ్ ఊడినా పెద్ద దూకుడు జరగదు. వచ్చాక ఆపడం కన్నా, అసలు వచ్చే దారిలోనే వెర్షన్‌ను కట్టేయడం ఇది. డేటాబేస్‌లలో పోస్ట్‌గ్రెస్ ఎప్పటి నుంచో ఇలాంటి పనే ఇంకో రకంగా చేస్తోంది. 15కు ఒక ప్యాకేజీ పేరు, 16కు ఇంకో పేరు. ఆప్ట్ అప్‌గ్రేడ్ ఒకదాని డేటాను ఇంకోదానికి మార్చేయదు.

ఇన్ని చెప్పినా హోల్డ్‌లో మరో లోటు మిగిలే ఉంటుంది. ఉబుంటు రిపాజిటరీలో ఒక ప్యాకేజీకి విడుదల నాటి వెర్షన్, ఆ తర్వాత వచ్చినవాటిలో తాజాది మాత్రమే ఉంటాయి. మధ్యవి తీసేస్తారు. పాత మెషీన్‌లో హోల్డ్ పెట్టుకుని హాయిగా ఉంటారు. ఆర్నెల్లకు అదే వెర్షన్‌తో రెండో మెషీన్ కట్టాల్సి వస్తే ఆ డెబ్ ఎక్కడా దొరకదు. ఉబుంటు వాళ్ల లాంచ్‌ప్యాడ్ సైట్‌లో వెతికి తెచ్చుకోవచ్చు, డెబియన్ అయితే స్నాప్‌షాట్ ఆర్కైవ్ ఉంది. అయినా హోల్డ్ పెట్టిన రోజే ఆ డెబ్ ఫైళ్లను డిపెండెన్సీలతో సహా ఒక పక్కన దాచుకోవడం తెలివైన పని. ఆప్ట్ క్యాష్‌లో ఉంటాయిలే అనుకోవద్దు. ఆప్ట్ కమాండ్ ఎక్కించడం అవగానే వాటిని తుడిచేస్తుంది.

తాళం ఒక తలుపుకు, రాక ఇంకో తలుపు నుంచి

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ సంఘటన గుర్తుండే ఉంటుంది. సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర దగ్గర ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికుడికి చేతితో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు దేశమంతా తిరిగింది. ఆ గోలలో తక్కువమంది గమనించిన విషయం ఒకటుంది. క్రౌడ్‌స్ట్రైక్ వాడే సంస్థలకు తాజా వెర్షన్ కాకుండా ఒకటి లేదా రెండు వెర్షన్లు వెనక ఉండే సౌకర్యం అప్పటికే ఉంది. జాగ్రత్త ఉన్నవాళ్లు అలాగే పెట్టుకున్నారు. వాళ్ల కంప్యూటర్లూ పడిపోయాయి. ఎందుకంటే వాళ్లు ఆపింది కంప్యూటర్‌లో కాపలా కాసే సెన్సర్ సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ను. దెబ్బ కొట్టింది, ఆ సెన్సర్ చదువుకునే కంటెంట్ ఫైల్. 291 నంబరు ఛానెల్ ఫైల్ అది. దానికి వెర్షన్ పాలసీ వర్తించదు, అందరికీ ఒకేసారి వెళ్లింది. ముందు తలుపుకు గడియ పెట్టి పెరటి తలుపు బార్లా తీసి పడుకున్నట్టయింది. కంటెంట్ అప్‌డేట్ల మీద కూడా కస్టమర్లకు అదుపు ఇచ్చింది ఈ దుర్ఘటన తర్వాతే.

లైనక్స్‌లో ఇలాంటి పెరటి తలుపులకు లోటేమీ లేదు. ఆప్ట్‌లో హోల్డ్ పెట్టినంత మాత్రాన స్నాప్ ఆగదు. అది తన దారిన రోజుకు నాలుగుసార్లు కొత్తవాటి కోసం వెతుక్కుంటుంది. స్నాప్‌లను ఎన్నాళ్లయినా ఆపుకునే హోల్డ్ 2022 చివర్లో గానీ రాలేదు. అప్పటిదాకా వాయిదా వేసుకోవడమే తప్ప ఆపే వీల్లేదని యూజర్లు చాలా ఏళ్లు గోలపెట్టారు. స్నాప్ లాంటిదే అయిన ఫ్లాట్‌ప్యాక్‌ది వేరే దారి, పిప్‌తో తెచ్చుకున్న పైథాన్ లైబ్రరీలది ఇంకో దారి. డాకర్ కంటైనర్‌లో "లేటెస్ట్" అని రాసి ఉన్న ఇమేజ్ హోస్ట్‌లో ఎన్ని హోల్డ్‌లు పెట్టినా పట్టించుకోదు. ఎక్స్‌టెన్షన్లు, ప్లగిన్లు సరేసరి. ఒక ప్రోగ్రామ్‌ను ఆపాలంటే అది ఏయే దారుల్లో మారగలదో ముందు లెక్క తీయాలి.

మిగతా వ్యవస్థల సంగతి క్లుప్తంగా. ఫెడోరా, రెడ్‌హ్యాట్ కుటుంబంలో ప్యాకేజీలను చూసుకునే డీఎన్ఎఫ్‌కు వెర్షన్‌లాక్ ఉంది. కాన్ఫిగ్ ఫైల్‌లో ఎక్స్‌క్లూడ్ రాయడం ఇంకో దారి. కానీ ఎక్స్‌క్లూడ్ చేసిన ప్యాకేజీ అసలు లేనట్టే కనపడుతుంది, ఆ రాత మర్చిపోతే పట్టుకోవడం కష్టం. ఓపెన్‌సూసేలో జిప్పర్ లాక్‌లున్నాయి. మ్యాక్‌లో హోమ్‌బ్రూకు పిన్ ఉంది. ఆర్చ్ లైనక్స్‌లో ప్యాక్‌మ్యాన్ కాన్ఫిగ్‌లో ఇగ్నోర్ పేరుతో ఒక వరుస రాసుకోవచ్చు. అయితే కొన్ని మార్చి కొన్ని ఆపే పాక్షిక అప్‌గ్రేడ్లకు మద్దతు లేదని ఆర్చ్ వాళ్లు ముందే తేల్చి చెబుతారు. అక్కడ అన్నీ ఒకేసారి కదులుతాయి. ఒక లైబ్రరీ సోనేమ్ (ప్రోగ్రామ్‌లు దాన్ని గుర్తుపట్టే పేరు) మారితే దాని మీద ఆధారపడినవన్నీ కొత్తదాని కోసం మళ్లీ కట్టి ఉంటాయి, ఆపిన ఒక్కటి వెనకబడి తెరుచుకోదు. ప్యాక్‌మ్యాన్‌లో మెచ్చుకోవాల్సింది ఒకటుంది. ఆపినదాన్ని వదిలేసిన ప్రతిసారీ ఫలానా వెర్షన్ నుంచి ఫలానా వెర్షన్‌కు రావాల్సింది, వదిలేస్తున్నాను అని హెచ్చరిస్తుంది. విసుగ్గానే ఉంటుంది గానీ ఆ విసుగే మర్చిపోనివ్వదు. విండోస్‌లో నెలవారీ అప్‌డేట్ ఒకే మూటగా వస్తుంది కాబట్టి అందులోంచి ఒక ముక్కను ఆపే ప్రశ్నే రాదు. మూటనంతా కొన్ని వారాలు వాయిదా వేసుకోవచ్చు, అంతే.

ఆపినందుకు కట్టే మూల్యం

అప్‌డేట్ కొంప ముంచిన సందర్భాలు లేవని కాదు. 2022 ఆగస్టు 30న ఉబుంటు 18.04కు వచ్చిన సిస్టమ్‌డీ (సర్వీసులన్నింటినీ మొదలుపెట్టి నడిపే మూల ప్రోగ్రామ్) సెక్యూరిటీ అప్‌డేట్ వల్ల మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లో ఎన్నో మెషీన్లకు డీఎన్ఎస్ (పేర్లను నెట్‌వర్క్ చిరునామాలుగా మార్చేది) పోయింది. 2023 మార్చి 8న డేటాడాగ్ సంస్థ మెషీన్లలో మళ్లీ సిస్టమ్‌డీ ప్యాచే తనంతట తాను ఎక్కింది. అది నెట్‌వర్క్ సర్వీసును రీస్టార్ట్ చేయడంతో రూట్లు చెరిగిపోయి, వేల నోడ్‌లు ఒకే గంటలో నెట్‌వర్క్ నుంచి రాలిపోయాయి. ఇవి చూసి సిస్టమ్‌డీని శాశ్వతంగా హోల్డ్‌లో పెట్టేద్దామనిపించడం సహజం. కానీ డేటాడాగ్‌ను ముంచింది ప్యాచ్ ఒక్కటే కాదు. వేర్వేరు క్లౌడ్‌లలో, వేర్వేరు ఖండాల్లో ఉన్న మెషీన్లన్నీ యూటీసీ 6 నుంచి 7 మధ్య, అంటే మనకు పొద్దున పదకొండున్నర దాటాక, ఒకే గంటలో దాన్ని ఎక్కించుకోవడం అసలు దోషం. వందల మెషీన్లు ఉన్నచోట హోల్డ్ సరైన పనిముట్టు కాదు. కొన్నింటిలో ముందు పెట్టి, రెండు రోజులు చూసి, మిగతావాటికి వదలడమే పద్ధతి. విడతల వారీ అప్‌డేట్లలో ఉబుంటు చేసేదీ అదే.

అటు వైపు చూస్తే వానాక్రై, విండోస్ కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వైరస్. మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న ప్యాచ్ ఇచ్చింది. దాడి జరిగింది మే 12న, మధ్యలో రెండు నెలల గడువుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా ఆ దాడిలో చిక్కుకున్నాయి. తెలుగువాళ్లకు ఇంకో జ్ఞాపకం కూడా ఉంటుంది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరానికి కనపడని ఒక గుర్తు తోడై మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలేవి. ఐఓఎస్ 11.2.6తో అది సర్దుకుంది. మన లిపిని ప్రపంచమంతా ఆట పట్టించిన ఆ వారంలో, అప్‌డేట్లు వాయిదా వేసుకునే అలవాటున్నవాళ్లే ఎక్కువ రోజులు ఆ ఆటకు దొరికిపోయారు.

పాతదే క్షేమమా, కొత్తదే క్షేమమా అన్న వాదనకు ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే ప్రోగ్రామ్ ఉదంతం సరైన పరీక్ష. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి అమర్చారని బయటపెట్టాడు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆరా తీస్తూ పట్టుకున్నాడు. డెబియన్ స్టేబుల్‌లో ఉన్నది 5.4.1 కాబట్టి ఆ మెషీన్లకు ఏమీ కాలేదు. టెస్టింగ్, అన్‌స్టేబుల్ వాడేవాళ్లకు చేరిపోయింది. ఇక్కడిదాకా పాతవాడే నెగ్గాడు. కానీ ఆ తర్వాత డెబియన్ ఇచ్చిన పరిష్కారం చూడండి. ఆప్ట్ తనంతట తాను వెనక్కి దించదు కాబట్టి, లోపల 5.4.5 పెట్టి పైన "5.6.1+రియల్లీ5.4.5" అనే వెర్షన్ నంబరుతో పంపారు. నంబరు పెద్దది, సరుకు పాతది. ఎవరైనా 5.6.1ను ఏదో కారణంతో హోల్డ్‌లో పెట్టుకుని ఉంటే, వెనక్కి తీసుకెళ్లే ఈ అప్‌డేట్ కూడా వాళ్లకు చేరదు. దొంగదారి ఉన్న వెర్షన్ దగ్గరే తాళం పడి ఉంటుంది.

అందువల్ల బ్రౌజర్, ఓపెన్ఎస్ఎస్ఎల్, ఓపెన్ఎస్ఎస్‌హెచ్ లాంటి బయటి ప్రపంచాన్ని నేరుగా ఎదుర్కొనే ప్యాకేజీలను ఆపడానికి చాలా గట్టి కారణం ఉండాలి. బ్రౌజర్ తప్ప మిగతావాటికి డెబియన్ స్టేబుల్, ఉబుంటు ఎల్‌టీఎస్‌లలో వచ్చే అప్‌డేట్లు కొత్త హంగులు మోసుకురావు. పాత వెర్షన్‌కే రంధ్రం పూడ్చి పంపుతారు. వెర్షన్ నంబరు పాతగా కనపడుతోందని కంగారుపడేవాళ్లూ, కొత్తది వచ్చి ఏదో మార్చేస్తుందని ఆపేవాళ్లూ ఇద్దరూ ఈ సంగతి మరిచిపోతారు. కంట్రోల్ ప్లేన్‌తో జత కుదరాల్సిన క్యూబ్‌లెట్, మాడ్యూల్‌తో జత కుదరాల్సిన జీపీయూ డ్రైవర్, ఒకానొక వెర్షన్‌కే లైసెన్సు ఇచ్చిన వ్యాపార సాఫ్ట్‌వేర్ అడిగే లైబ్రరీ... హోల్డ్‌కు తగినవి ఇలాంటివే. వీటన్నింటిలో ఆపడానికి కారణం ఒక జత.

ఆ కారణం ఎక్కడ రాసుకోవాలి? హోల్డ్‌లో చోటు లేదు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో, ఎప్పటిదాకానో అది ఏమీ దాచుకోదు. పెట్టిన మనిషి ఉద్యోగం మారి వెళ్లిపోతే షోహోల్డ్‌లో ఒక అనాథ పేరు మిగులుతుంది. తీయడానికి భయం, ఉంచడానికి కారణం తెలియదు. పిన్ ఫైల్‌లో మాత్రం "ఎక్స్‌ప్లనేషన్" అనే వరుసను ఆప్ట్ అధికారికంగా అనుమతిస్తుంది. బగ్ నంబరు, తేదీ, ఏది సర్దుకున్నాక తీసేయాలో అక్కడే రాసి పెట్టవచ్చు. హోల్డ్ కన్నా పిన్ వైపు మొగ్గడానికి ఈ ఒక్క వరుస చాలు. హోల్డే కావాలనుకుంటే, సర్వర్ల సెటప్‌ను ఫైళ్లలో రాసి నడిపే ఆన్సిబుల్ లాంటివాటితో పెట్టించి, పక్కన కామెంట్ రాసి గిట్‌లో ఉంచాలి.

డెబియన్‌ను ఒక విడుదల నుంచి తర్వాతి విడుదలకు మార్చే ముందు హోల్డ్‌లను చూసుకోమని వాళ్ల విడుదల నోట్సే చెబుతాయి. మర్చిపోయిన హోల్డ్ ఒక్కటి చాలు, దాని డిపెండెన్సీలన్నీ దానితోపాటు పాతచోటే ఆగి, అప్‌గ్రేడ్ మధ్యలో చిక్కుముడి పడటానికి. ఎవరు పెట్టారో తెలియని హోల్డ్ కనపడితే చేయాల్సింది ముందు అన్‌హోల్డ్ చేయడం, ఆ వెంటనే ఆప్ట్-గెట్‌ను మైనస్ ఎస్‌తో, అంటే నిజంగా ఏమీ మార్చకుండా నటింపజేస్తూ, డిస్ట్-అప్‌గ్రేడ్ (అవసరమైతే కొన్నింటిని తీసేసే రకం) నడిపించడం. రాబోయే మార్పుల జాబితా తెర మీద పడుతుంది. అందులో ఆ ఒక్క ప్యాకేజీయే కదిలితే, దాని చేంజ్‌లాగ్ చదివి ఒక టెస్ట్ మెషీన్‌లో వదలవచ్చు. జాబితాలో ఇరవై పేర్లు వచ్చి, వాటిలో కొన్ని "తీసేయబడతాయి" అన్న వరుసలో ఉంటే మళ్లీ హోల్డ్ పెట్టేసి, ఆ ఇరవైలో దేనికోసం తాళం వేశారో వెతకడం మొదలుపెట్టాలి.